ఒకే బంతి, రెండు వడ్డనలు



ఈరోజు మనం తలుచుకుంటున్న మాస్టారు మాకు బి.ఏ.లో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. రాజ్యాంగాల పేపరులో బ్రిటన్, స్విట్జర్లాండ్ పాఠాలు వేగంగా ముగించి అమెరికా దగ్గర ఆగిపోయేవారు. మా కాలేజీ లైబ్రరీలో ఆ దేశం మీద ఉన్న పుస్తకాలు ఒక అర నిండేవి కావు. వేసవి సెలవుల్లో ఆయన హైదరాబాదు వెళ్లి, ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌లో కూర్చుని చేతిరాతతో నోట్సు తెచ్చుకునేవారు. ఆ నోట్సులోంచే మేము లింకన్‌నీ, నల్లవారిని వేరుగా ఉంచిన సెగ్రిగేషన్‌నీ, ఓటు కోసం దెబ్బలు తిన్నవాళ్లనీ తెలుసుకున్నాం. అందుకే ఈ స్మారకోపన్యాసానికి ఆయన ఎక్కువగా ఆలోచించిన ప్రశ్ననే ఎంచుకున్నాను. రాజకీయ పార్టీ దేశమంతా ఒక్కటని మాట్లాడాలా, లేక నల్లవారిగా, స్త్రీలుగా, వలస వచ్చినవారిగా, ఫలానా మతంవారిగా ప్రజలను విడివిడిగా పలకరించాలా?

ఆయన చెప్పిన పోలికతోనే మొదలుపెడతాను. పెళ్లిలో అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి, ఒకరి విస్తట్లో నెయ్యి ధారగా, పక్కవారి విస్తట్లో చుక్కగా పోస్తే మనవాళ్లు దాన్ని బంతిలో వలపక్షం అంటారు. తప్పు వడ్డించే చేతిది. కానీ నాకు నెయ్యి పడలేదని నోరు తెరిచినవాడినే పెద్దలు కసురుకుంటారు, శుభకార్యంలో రభస ఏమిటని. అమెరికా పార్టీల చరిత్రలో చాలా భాగం ఈ రభస చరిత్రేనని మాస్టారి అభిప్రాయం. మన ఊళ్లలో కొన్ని కులాలవారికి బంతిలో ఆకే వేసేవారు కాదని కూడా ఆయన ఆ వెంటనే గుర్తుచేసేవారు.

2016 నవంబరు అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ఓడిపోయిన కొద్ది రోజులకే కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ లిల్లా న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. డెమొక్రాట్లు వర్గాలవారీ గుర్తింపుల జాబితా చదవడంలో పడి, పౌరులందరికీ చెందిన భాషను పోగొట్టుకున్నారని ఆయన ఆరోపణ. మరుసటి ఏడాది దాన్నే పుస్తకంగా విస్తరించారు. 2024లో కమలా హారిస్ ఓడాక అదే వాదన మళ్లీ లేచింది. చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ జూనియర్ 1991లోనే దేశం చీలికలవుతోందని ఒక పుస్తకం రాశారు. ఈ విమర్శను నేను తేలిగ్గా తీసుకోను. అందులో నిజం ఉంది, ఆ నిజం దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఇందులో ఒక కాలదోషం ఉంది. అస్తిత్వ రాజకీయాలు నిన్న మొన్న నల్లవారో స్త్రీలో తెచ్చిపెట్టినవని ఈ వాదన తెలియకుండానే మనచేత నమ్మిస్తుంది.

ఆ పేరు మటుకు కొత్తదే. 1977లో బోస్టన్‌లోని నల్లజాతి స్త్రీవాదుల బృందం కొంబహీ రివర్ కలెక్టివ్ తన ప్రకటనలో ఆ మాట వాడింది. తమ విముక్తి గురించి తాము కాక ఇంకెవరు నిలకడగా పట్టించుకుంటారన్నది వాళ్ల ప్రశ్న. మన దగ్గర ఎనభైలు, తొంభైలలో దళిత, స్త్రీవాద, ముస్లిం కవులు అస్తిత్వం అన్న మాటకు ఇచ్చిన బరువు తెలిసినవారికి ఆ ప్రశ్న పరాయిగా తోచదు. పేరు 1977ది. పని ఎప్పటిదో చూడాలంటే నార్త్ కరోలినా రాష్ట్రానికి, 1890ల కాలానికి వెళ్లాలి.

అక్కడ పత్తి ధర పడిపోయి చిన్న రైతులు అప్పుల్లో మునిగిపోయారు. తెల్ల రైతుల్లో చాలామంది డెమొక్రటిక్ పార్టీని వదిలి పాపులిస్టు పార్టీలో చేరారు. నల్లవారు లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్లతోనే ఉన్నారు. 1894లో ఈ రెండు పార్టీలూ చేతులు కలిపి రాష్ట్ర శాసనసభను గెలిచాయి. దాన్ని ఫ్యూజన్ అన్నారు. ఆ కూటమి వడ్డీకి నూటికి ఆరు అని పరిమితి పెట్టింది, బడులకు డబ్బు పెంచింది, ఓటింగు చట్టాన్ని సరిచేసింది, స్థానిక పాలనను స్థానికులకే అప్పగించింది. 1896లో గవర్నరు పదవి కూడా రిపబ్లికన్ అభ్యర్థి డేనియల్ రస్సెల్‌కు దక్కింది. బానిసత్వం పోయి ముప్పై ఏళ్లయినా గడిచీ గడవని దక్షిణాదిలో తెల్ల రైతూ నల్ల రైతూ ఒకే ప్రభుత్వాన్ని నిలబెట్టారు. ఐక్యత అన్న మాటకు అంతకంటే మంచి ఉదాహరణ ఆ శతాబ్దంలో నాకు కనిపించదు.

దాన్ని కూల్చినవాళ్లు ఏ మాట వాడారో గమనించండి. 1898 ఎన్నికలకు డెమొక్రటిక్ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు ఫర్నిఫోల్డ్ సిమన్స్ వడ్డీ గురించో బడుల గురించో పోరాడదలుచుకోలేదు. తెల్లవారి ఆధిపత్యం ఒక్కటే నినాదం. జోసీఫస్ డేనియల్స్ అనే సంపాదకుడు రాలీ నగరంలోని న్యూస్ అండ్ అబ్జర్వర్ పత్రికలో నల్లవారిని రాక్షసులుగా చూపే కార్టూన్లు వరసగా అచ్చువేశాడు. ఎర్రచొక్కాలు తొడుక్కున్న గుర్రపు దళాలు తుపాకులతో ఊళ్లమీద తిరిగాయి. నువ్వు రైతువి, అప్పులవాడివి అన్న సంగతి మరిచిపో, నువ్వు తెల్లవాడివి, అంతే. తెల్ల రైతుకు వాళ్లు చెప్పింది ఇదే. అస్తిత్వం పేరిట ఓటడగడానికి ఇంతకంటే నగ్నమైన రూపం ఉంటుందా?

ఎన్నికలు నవంబరు 8న జరిగాయి, డెమొక్రాట్లు గెలిచారు. అక్కడితో ఆగలేదు. విల్మింగ్టన్ ఆ రాష్ట్రంలోకెల్లా పెద్ద పట్టణం, నల్లవారి జనాభా ఎక్కువ. అక్కడి నగరపాలక సంఘానికి ఆ ఏడాది ఎన్నికలే లేవు. నవంబరు 10న ఆల్ఫ్రెడ్ మూర్ వాడెల్ నాయకత్వంలో సాయుధ మూక ఒకటి నల్లజాతి సంపాదకుడు అలెక్స్ మాన్లీ నడిపే డైలీ రికార్డ్ పత్రిక కార్యాలయాన్ని తగలబెట్టింది. వీధుల్లో నల్లవారిని కాల్చి చంపారు. ఎంతమంది చనిపోయారో నేటికీ లెక్క తేలలేదు. మేయరుచేత, సభ్యులచేత తుపాకుల నీడలో రాజీనామాలు చేయించారు. ఆ సాయంత్రానికి వాడెల్ మేయరు అయ్యాడు. ఎన్నికైన ప్రభుత్వాన్ని బలప్రయోగంతో దించేసిన ఈ ఘటన మీద ఆ రాష్ట్ర శాసనసభ 2000లో విచారణ సంఘాన్ని వేసింది, నివేదిక 2006లో వచ్చింది. నూటెనిమిదేళ్ల తర్వాత.

1900లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు. ఓటు వేయాలంటే చదవడం, రాయడం వచ్చి ఉండాలి. కానీ 1867 జనవరి 1 నాటికి ఓటుహక్కు ఉన్నవారి సంతానానికి ఆ పరీక్ష అక్కర్లేదు. 1867 జనవరిలో ఆ రాష్ట్రంలో నల్లవారికి ఓటు లేదు. చట్టంలో రంగు పేరు ఎక్కడా రాయలేదు, తాతను అడిగారు. ఆ రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌లో కూర్చున్న నల్లజాతి సభ్యుడు జార్జ్ వైట్ 1901 మార్చిలో దిగిపోయారు. మళ్లీ నార్త్ కరోలినా నుంచి ఒక నల్లజాతి సభ్యుడు కాంగ్రెస్‌కు ఎన్నికవడానికి 1992 దాకా పట్టింది. డేనియల్స్ మటుకు తర్వాత ఉడ్రో విల్సన్ ప్రభుత్వంలో నౌకాదళ మంత్రి అయ్యాడు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మెజారిటీ తన అస్తిత్వం పేరిట ఓటడిగితే దానికి అస్తిత్వం అన్న పేరు పడదు. అది దేశం, సంప్రదాయం, మామూలు జనం అన్న పేర్లతో చెలామణి అవుతుంది. ఉత్తరాది కూడా ఇందుకు అతీతం కాదు. 1850లలో నో-నథింగ్స్ అని పిలిచిన పార్టీ కాథలిక్కులైన ఐరిష్, జర్మన్ వలసజీవులకు వ్యతిరేకంగా పుట్టింది, తనకు తాను అమెరికన్ పార్టీ అని పేరు పెట్టుకుంది. 1928లో అధ్యక్ష అభ్యర్థి ఆల్ స్మిత్ కాథలిక్కు అయినందుకు ఎదుర్కొన్న విషప్రచారం చిన్నది కాదు. 1960లో కెనడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు పాస్టర్ల ముందు నిలబడి, తాను పోప్ ఆదేశాలు వినే అధ్యక్షుడిని కానని హామీ ఇవ్వాల్సి వచ్చింది. ఏ మెథడిస్టు అభ్యర్థినీ అలా హామీ ఇమ్మని ఎవరూ అడగలేదు.

మాస్టారు ఫానీ లూ హేమర్ గురించి చెప్పిన రోజు మా తరగతిలో గంట కొట్టినా ఎవరం లేవలేదు. మిసిసిపీ రాష్ట్రం సన్‌ఫ్లవర్ కౌంటీలో పెరిగిన ఆవిడ ఇరవైమంది సంతానంలో చివరి బిడ్డ. ఇంకొకరి పొలంలో పత్తి పాలుకు చేసిన కుటుంబం. 1962 ఆగస్టులో ఓటరుగా నమోదు చేసుకోవడానికి తాలూకా కేంద్రం లాంటి ఇండియనోలా పట్టణానికి వెళ్లివచ్చిందన్న ఒక్క కారణానికి, పద్దెనిమిదేళ్లు పనిచేసిన తోటలోంచి యజమాని ఆవిడను వెళ్లగొట్టాడు. 1963 జూన్‌లో వినోనా జైల్లో పోలీసులు తోటి ఖైదీలచేత కొట్టించారు. ఆ దెబ్బల బాధ బతికినంతకాలం ఉంది.

1964 ఆగస్టులో డెమొక్రాట్ల జాతీయ మహాసభ అట్లాంటిక్ సిటీలో జరిగింది. మిసిసిపీ నుంచి వచ్చిన అధికారిక ప్రతినిధులంతా తెల్లవారే. ఓటుహక్కు వయసున్న నల్లవారిలో నూటికి ఏడుగురికి కూడా అక్కడ నమోదు లేదు కాబట్టి మరోలా ఉండే అవకాశమే లేదు. హేమర్, ఆవిడ సహచరులు మిసిసిపీ ఫ్రీడమ్ డెమొక్రటిక్ పార్టీ పేరుతో వేరే ప్రతినిధి వర్గాన్ని తీసుకొచ్చారు. అందులో తెల్లవారూ ఉన్నారు. ఆగస్టు 22న పరిశీలక సంఘం ముందు ఆవిడ సాక్ష్యం చెబుతుండగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నట్టుండి విలేకరుల సమావేశం పెట్టి టీవీ కెమెరాలను తనవైపు తిప్పుకున్నాడు. ఆ రాత్రి చానళ్లు ఆవిడ మాటలను మళ్లీ ప్రసారం చేశాయి, దేశం విన్నది.

జాన్సన్ దుర్మార్గుడని నేను చెప్పడం లేదు. ఆ జూలైలోనే పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన మనిషి. ఆయన భయం దక్షిణాది రాష్ట్రాలు చేజారిపోతాయని, పార్టీ చీలిపోతుందని. కాబట్టి ఐక్యత కోసం ఒక రాజీ సూత్రం తయారైంది: ఫ్రీడమ్ పార్టీకి రెండు కుర్చీలు, ఆ ఇద్దరు ఎవరన్నది కూడా పార్టీ పెద్దలే నిర్ణయిస్తారు. తెల్లవారి ప్రతినిధి వర్గం అలాగే ఉంటుంది. రాజీ కుదర్చడానికి పార్టీ నాయకుల్లో హ్యూబర్ట్ హంఫ్రీ, వాల్టర్ మాండేల్ లాంటి మంచివాళ్లే తిరిగారు. రెండు కుర్చీల కోసం ఇంత దూరం రాలేదని హేమర్ బృందం తిప్పికొట్టింది.

ఆ రాజీతో పార్టీకి ఏం దక్కింది? మిసిసిపీ తెల్ల ప్రతినిధుల్లో అత్యధికులు ఆ కాస్త రాయితీని కూడా సహించలేక సభ వదిలి వెళ్లిపోయారు. నవంబరులో మిసిసిపీ నూటికి 87 ఓట్లు పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌కు వేసింది. దక్షిణాదిలో మరో నాలుగు రాష్ట్రాలూ ఆయన వెంట వెళ్లాయి. అన్యాయం పొందినవాళ్లను సర్దుకోమని చెప్పి తెచ్చిన ఐక్యత మూడు నెలలు కూడా నిలవలేదు. 1968లో రిచర్డ్ నిక్సన్ శాంతిభద్రతల భాషలో ఆ తెల్ల ఓటర్లనే పలకరించాడు. ఆయన ప్రచారంలో పనిచేసిన కెవిన్ ఫిలిప్స్ మరుసటి ఏడాది ఆ లెక్కలన్నీ పుస్తకంగా వేశాడు. మాటల్లో దేశం, లెక్కల్లో రంగు.

ఇక లిల్లా లాంటివారు చెప్పే నిజం దగ్గరికి వస్తాను. వడ్డన సరిగా లేదన్న ఫిర్యాదు న్యాయమే. కానీ ఫిర్యాదు చేసేవాళ్లు బంతినే మరిచిపోతే, ఎవరి విస్తరి వాళ్లు తీసుకుని ఎవరి గదిలో వాళ్లు కూర్చుంటే, వడ్డించేవాడికి ఏ ఇబ్బందీ ఉండదు. డెమొక్రటిక్ పార్టీ ఈ తప్పు చేసింది. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దున స్టార్ కౌంటీ ఉంది. జనాభా దాదాపు అంతా హిస్పానిక్కులే. 2012లో ఒబామాకు అక్కడ నూటికి 86 ఓట్లు వచ్చాయి. 2024లో ఆ కౌంటీని డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. 1892 తర్వాత రిపబ్లికన్ అభ్యర్థి అక్కడ గెలవడం అదే మొదటిసారి. వలస గురించి కటువుగా మాట్లాడిన మనిషికి వలస మూలాలున్న కౌంటీ ఓటేసింది. దీన్ని ద్రోహంగానో అజ్ఞానంగానో చూసేవారితో నేను ఏకీభవించను. ఆ మనుషులు సరుకుల ధరలు చూశారు, సరిహద్దు భద్రతా దళంలోనూ చమురు బావుల్లోనూ ఉన్న తమవాళ్ల ఉద్యోగాలు చూశారు. లాటినో అన్న ఒక్క పేరుతో పిలిస్తే పలుకుతారని పార్టీ అనుకుంది. అది గౌరవం కాదు, గంపగుత్త లెక్క.

ఆ లెక్కకు భిన్నంగా నడిచినవాళ్లు ఆ పార్టీలోనే ఉన్నారు. 1988 ఎన్నికలకు జెస్సీ జాక్సన్ రెండోసారి నామినేషన్ కోసం పోటీ చేసినప్పుడు, తాకట్టు పెట్టిన పొలాలు పోగొట్టుకుంటున్న అయోవా తెల్ల రైతుల దగ్గరికి వెళ్లాడు. మెయిన్ రాష్ట్రంలోని జే అనే చిన్న ఊళ్లో సమ్మెలో ఉన్న కాగితం మిల్లు కార్మికుల దగ్గరికి వెళ్లాడు. తాను నల్లవాడినన్న సంగతి దాచలేదు, దాన్నే పట్టుకుని కూర్చోలేదు. నీకు జరిగిన అన్యాయం నాకు అర్థమవుతుంది, నాకు జరిగింది కాబట్టి. ఆ ప్రచారం సారాంశం నాకు అలా అర్థమైంది. ప్రైమరీల్లో సుమారు డెబ్భై లక్షల ఓట్లు వచ్చాయి, మిషిగన్ గెలిచాడు, నామినేషన్ రాలేదు. 2004లో బోస్టన్ మహాసభలో ఒబామా ఒకే అమెరికా గురించి చేసిన ప్రసంగం అందరికీ గుర్తుంటుంది. నాకు మటుకు 2008 మార్చిలో ఫిలడెల్ఫియాలో చేసినదే గొప్పగా కనిపిస్తుంది. నల్లవారి కోపాన్నీ తెల్ల కార్మికుల అసంతృప్తినీ పక్కపక్కన పెట్టి, రెండింటికీ కారణాలున్నాయని చెప్పగలిగాడు. అలాంటి ప్రసంగం చేయడం సులువు కాదు, దాన్ని పాలనగా మార్చడం ఆయనవల్ల కూడా పూర్తిగా కాలేదు.

రిపబ్లికన్ పార్టీలో నేటి వాదన వేరే దారి పట్టింది. 2024 జూలైలో మిల్వాకీ మహాసభలో ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ మాట్లాడుతూ అమెరికా కేవలం ఒక భావన కాదని, ఉమ్మడి చరిత్ర గల ఒక జనమని చెప్పారు. కెంటకీ కొండల్లో తన వంశీకులు తరతరాలుగా సమాధి అయిన శ్మశానాన్ని గుర్తుచేసుకున్నారు. అదే ప్రసంగంలో తన భార్య తల్లిదండ్రులు దక్షిణాసియా నుంచి వచ్చినవారని గౌరవంగానే చెప్పారు. ఆ భార్య ఉషా చిలుకూరి, తెలుగువారి బిడ్డ. సొంత నేల మీద ప్రేమను నేను తప్పు పట్టను. నా ప్రశ్న వేరు. పౌరసత్వానికి రాజ్యాంగం కాక పూర్వీకుల సమాధులు ప్రమాణమైతే, 1900లో నార్త్ కరోలినా తాతను అడిగినట్టే మళ్లీ అడగడం మొదలవుతుంది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ జారీచేసిన ఉత్తర్వు, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి అక్కడ పుట్టే పిల్లలకు కూడా జన్మతః పౌరసత్వం లేదంది. హెచ్-1బి మీద ఉన్న మన పిల్లల ఇళ్లు కూడా అందులోకి వస్తాయి. ఫెడరల్ కోర్టులు దాన్ని నిలిపివేశాయి. కోర్టులు ఆధారం చేసుకున్న రాజ్యాంగ 14వ సవరణ 1868లో వచ్చింది, బానిసత్వం నుంచి విడుదలైన నల్లవారి కోసం.

మనకు ఆ దేశంతో ఉన్న బంధం ఇక్కడే ఉంది, డాలర్లలో కాదు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ దేశ సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడని, పౌరుడు కాలేడని తీర్పిచ్చింది. భారతీయులకు పౌరసత్వం అడిగే హక్కు 1946లో వచ్చింది, వలసకు కోటా ఏడాదికి వందమంది. ఆ గేటు నిజంగా తెరుచుకున్నది 1965లో. ఆ ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అక్టోబరులో వలస చట్టం. రెండింటినీ ఆమోదించింది ఒకే కాంగ్రెస్, సంతకం చేసింది ఒకే అధ్యక్షుడు. జాతిని బట్టి మనుషులను తూచకూడదని దేశాన్ని ఒప్పించినవాళ్లు మిసిసిపీలో, అలబామాలో దెబ్బలు తిన్నవాళ్లు. మన ఇంజినీర్లు, డాక్టర్లు ఆ బంతిలో కూర్చోవడానికి ఆకు వేసిన చేతుల్లో హేమర్ చేయి ఒకటి.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లో ఒక తెలుగు ఇంజినీరును ఒకడు నా దేశం వదిలిపొమ్మంటూ కాల్చి చంపాడు. అతను ఏ దేశంవాడో కూడా ఆ హంతకుడికి తెలియదు, ఇరానీ అనుకున్నాడు. అడ్డుపడబోయి గుండు దెబ్బ తిన్నది ఒక తెల్ల యువకుడు. ఆ యువకుడికి అమెరికన్ అన్న మాటకు తెలిసిన అర్థం, కాల్చినవాడికి తెలిసిన అర్థం ఒకటి కాదు. అక్కడి రెండు పార్టీలూ ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటాయన్నదే నా దృష్టిలో అసలు ఎన్నిక.

ఈ సభలో చాలా ఇళ్ల పిల్లలు అక్కడ ఉన్నారని నాకు తెలుసు. వాళ్లలో పౌరులైనవాళ్లు మన సంఘాల్లో మనవాడు అభ్యర్థి అయ్యాడని చందాలు ఇస్తున్నారు. ఇవ్వనివ్వండి. కానీ ఈ ఆదివారం వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఇంకొకటి కూడా అడగండి. వాళ్ల ఊళ్లో నల్లవారి పేటలోని బడి ఎలా ఉందో, పనిపోయిన మిల్లు కార్మికుల వీధి ఎలా ఉందో, వాళ్ల అభ్యర్థి ఆ రెండు చోట్లకీ వెళ్లాడో లేదో. వెళ్లకపోతే మనవాడైనా సరే నిలదీయమనండి.

అట్లాంటిక్ సిటీలో రెండు కుర్చీలు తిప్పికొట్టిన నాలుగేళ్ల తర్వాత, 1968లో, చికాగో మహాసభలో ఫానీ లూ హేమర్ మిసిసిపీ ప్రతినిధిగా తన కుర్చీలో కూర్చుంది. సభ లేచి నిలబడింది.